మొఖాలు చూసినవా

మౌస్ పట్టుకుని నిదానంగా పనిచేసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఇప్పటికీ అంతే, దాచుకోను. ఒక ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కి, అది తెరుచుకునేదాకా ఆగి, అందులో ఇంకోటి వెతికి, మళ్ళీ రెండుసార్లు నొక్కి... ఈలోపు నేను నల్ల తెర మీద నాలుగక్షరాలు కొట్టి పని ముగించుకుని, కిందికి దిగి చాయ్ తాగి వస్తాను. ఈ తొందరతోనే మూడేళ్ళ కిందట ఒక ముసలామె ఫోటోలు లేకుండా చేశాను. ఆమె పోయాక కూతురు ఫోటో కోసం వచ్చింది. తప్పు వేరే ఆమె మీద పడింది. నేను నోరు మెదపలేదు. పోయిన నెల దాకా ఎవరికీ చెప్పకుండా మోశాను, చెప్పాక కూడా బరువు దిగక రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా, విత్తనాల దుకాణం పైన ఉండేది ఆ ఫోటో స్టూడియో. మెట్లెక్కుతుంటేనే పురుగుమందు వాసన ముక్కుల్లో దూరేది. చుట్టుపక్కల ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో చదువు ముగించి, ఆదిబట్ల దిక్కు ఏదో కంపెనీలో ఉద్యోగం దొరికేదాకా రెండు నెలలు చేద్దామని చేరాను. రెండేళ్ళు చేశాను. యజమానిని అందరం అన్న అని పిలిచేవాళ్ళం. కెమెరా తీసుకుని పెళ్ళిళ్ళకు పోయేది ఆయన. లోపల కూర్చుని ఫోటోలు సర్దేది, ఆల్బమ్ కట్టేది ఇద్దరం. ఒకరు నేను. రెండో ఆమె తుర్కయాంజాల్ నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. స్టూడియో పెట్టినప్పటి నుంచి ఉంది. డిగ్రీ మధ్యలో ఆపేసిందట. కంప్యూటర్ అంతా అక్కడే, చూసి చూసి నేర్చుకుంది.

మూలన ఒక పాత కంప్యూటర్ ఉండేది. దానికి అన్న పెట్టిన పేరు గోదాం. తీసిన ప్రతి ఫంక్షన్ ఫోటోలూ అందులోనే చేరేవి. లోపల రెండు పెద్ద ఫోల్డర్లు. ఆల్బమ్ చేతికిచ్చేసినవన్నీ 'అయినవి'. ఇంకా పని మిగిలినవి 'కానివి'. ఒక్కోదాంట్లో ఊళ్ళ పేర్లు, ఊరి లోపల ఇంటి పేరుతో ఫంక్షన్లు, ఫంక్షన్ లోపల కెమెరా నుంచి దించిన అసలు ఫోటోలు. ఆల్బమ్ ఇచ్చి ఏడాది దాటితే ఆ అసలు ఫోటోలు తీసేసి జాగా చేసుకోవాలి. సోమవారం సోమవారం ఆ పని అక్కది. గోడ మీద క్యాలెండర్లో ప్రతి సోమవారం గడిలో అక్క టిక్కు పెట్టేది.

ఆ పని చేసే తీరు చూస్తే నాకు తల తిరిగేది. మౌస్‌తో ఒక్కో ఫోల్డర్ తెరుస్తూ పేరు పైకే చదివేది. "అయినవి... కొంగరకలాన్... పెద్దింటోళ్ళ పెండ్లి..." చదివాక ఫోటోలన్నీ ఒకసారి చూసేది. అన్నీ! వెయ్యి ఉంటే వెయ్యీ. చూస్తూ చూస్తూ ముసలివాళ్ళ ముఖం బాగా పడ్డ ఫోటో ఒకటీ రెండూ తీసి వేరే ఫోల్డర్లో దాచేది. దాని పేరు 'పెద్దలు'. ఆ తర్వాతే మిగతావి తీసేసేది.

"గవన్ని ఎందుకు దాస్తున్నవ్ అక్కా? జాగ దండగ," అన్నాను చేరిన కొత్తలో.

"ముసలోళ్ళు ఫోటో దిగుతరా చెల్లె? ఎవల పెండ్లిలనో వెనక నిలబడ్తరు, గంతే. రేపు పోయినంక దండెయ్యనీకె ఫోటో లేదని ఉరికొస్తరు ఇంటోళ్ళు. గప్పుడు ఏడ దేవాలె?"

నిజమే, వచ్చేవాళ్ళు. ఆధార్ కార్డు పట్టుకుని, దాని మీది వేలెడు ముఖాన్ని పెద్దది చేయమని. అది పెద్దది చేస్తే మనిషి కాదు, మసి కనబడుతుంది. అయినా నాకు అక్క పద్ధతి చాదస్తంగానే తోచింది. ఆ 'పెద్దలు' ఫోల్డర్‌కు పేర్లు లేవు, వరస లేదు, వేల ముఖాలు. దీంట్లో ఎవరినైనా ఎలా వెతుకుతుంది ఈమె అని లోలోపల నవ్వుకునేదాన్ని. లోలోపలేమిటి, పైకే నవ్వాను కొన్నిసార్లు.

గోదాంలో నేను మౌస్ ముట్టేదాన్ని కాదు. కమాండ్లు టైపు చేసే నల్ల తెర తెరిచి, ఎక్కడికి పోవాలో మాటల్లో కొట్టి పోయేదాన్ని. సీడీ అని కొట్టి ఫోల్డర్ పేరు కొడితే అందులోకి. రెండు చుక్కలు కొడితే ఒక మెట్టు పైకి. నేను ఆగలేక మూడు చుక్కలకు రెండు మెట్లు, నాలుగు చుక్కలకు మూడు మెట్లు ఎక్కేలా పెట్టుకున్నాను. సీడీ పక్కన చిన్న గీత కొడితే అంతకుముందు ఉన్న చోటికి తిరిగి వచ్చేయొచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు, నేను తెచ్చి పెట్టిన ఇంకో పనిముట్టు ఒక ఎత్తు. అది మనం ఏ ఫోల్డర్‌కు ఎన్నిసార్లు పోతున్నామో గుర్తు పెట్టుకుంటుంది. జడ్ అనే ఒక్క అక్షరం కొట్టి, పక్కన పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, ఆ అక్షరాలున్న వాటిలో ఈమధ్య మనం ఎక్కువగా తిరిగిన చోటికి దూకిస్తుంది. అన్న ముందు ఇది చేసి చూపించిన రోజు ఆయన నోరు తెరిచి, "వామ్మో, గింత ఫాస్టా!" అన్నాడు. నా కాళ్ళు ఆ రోజు నేల మీద లేవు.

ఇంకొకటి కూడా చేశాను. నల్ల తెరలో మనం కొట్టే చోటికి ముందు, ఇప్పుడు ఏ ఫోల్డర్లో ఉన్నామో పేరు కనబడుతూ ఉంటుంది. మా ఫోల్డర్ల పేర్లు పొడుగ్గా ఉండి వరసంతా నిండిపోయేది. చూడ్డానికి బాగాలేదని ఆ పేరు తీసేసి ఒక్క బాణం గుర్తు ఉంచుకున్నాను. తెర కడిగిన పలకలా శుభ్రంగా ఉండేది.

అక్క ఒకసారి నా వెనక నిలబడి చూసింది. "ఏడున్నవో ఏడ గూడ గనవడ్తలేదు గదా. నీకెట్ల తెలుస్తది?"

"వేళ్ళకు తెలుస్తది అక్కా," అన్నాను.

ఎంత పొగరో చూడండి.

ఆ ఎండాకాలం ముహూర్తాలు మీద పడుతున్నాయి. గోదాం నిండిపోయింది. సోమవారం లోపల జాగా కావాలని అన్న గట్టిగా చెప్పి షూటింగుకు పోయాడు. ఆ సోమవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. అత్తమ్మను దవాఖానకు తీసుకపోతున్నానని, రావడానికి మధ్యాహ్నం అవుతుందని, అన్నకు చెప్పొద్దని. పని టైముకు రాకపోతే అన్న ఊరుకోడు. "నువ్వు ఫికర్ చెయ్యకక్కా, నీ పని నేను చేస్త," అన్నాను. మంచి మనసుతోనే అన్నాను, అది మాత్రం నిజం. దాంతోపాటు, అక్కకు రోజంతా పట్టే పని పది నిమిషాల్లో చేసి చూపించాలన్న దురద కూడా ఉంది.

తీసేయాల్సిన ఫంక్షన్ల పట్టీ అక్క ముందే కాగితం మీద రాసిపెట్టి ఉంది. మొదలుపెట్టాను. జడ్, తుర్కయాంజాల్‌లో మొదటి మూడు అక్షరాలు, దూకాను, అసలు ఫోటోలు తీసేసే కమాండ్ కొట్టాను, అయింది. జడ్, కొంగరకలాన్, అయింది. జడ్, రావిర్యాల, అయింది. కాగితం మీద టకటకా గీతలు కొట్టుకుంటూ పోయాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. లేచి క్యాలెండర్లో ఆ సోమవారం గడిలో అక్క బదులు నేనే టిక్కు పెట్టాను. అక్క ఆలస్యంగా వచ్చిందని అన్నకు తెలియకుండా ఉంటుందని.

మధ్యాహ్నం అక్క చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "నీ పని అయిపోయింది అక్కా, టిక్కు గూడ పెట్టిన," అన్నాను.

"మొఖాలు చూసినవా?"

"చూసిన," అన్నాను. మొదటి అబద్ధం అది.

పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున ఒక ఆమె మెట్లెక్కి వచ్చింది. నాకు తెలిసిన మనిషే. బస్టాండు పక్కన గంపలో చేపలు పెట్టుకుని అమ్మేది. మా అమ్మ ఆమె దగ్గరే రవ్వ, బొచ్చె కొనేది. ఊరు రావిర్యాల. రెండు నెలల కిందట వాళ్ళింట్లో పిల్లవాడికి మొదటిసారి పంచె కట్టించే ధోతి ఫంక్షన్ అయితే అన్నే ఫోటోలు తీశాడు. ఆల్బమ్‌లో ఏవి పెట్టాలో ఏరుకోవడానికి ఇంకా రాలేదు. చేపల సీజన్, తీరిక లేదని రేపూ మాపూ అంటూ ఉంది.

"మా అమ్మ పోయింది," అంది అన్నతో. "నాలుగొద్దులైతే దినాలు. మా ఇంట్ల ఒక్క ఫోటో లేదన్నా. ఎప్పుడు ఫోటో తీస్తమన్నా కొంగు అడ్డం వెట్టుకునేది. గా ఫంక్షన్ల ఒక్కనాడే మంచిగ కూసొని దిగింది. ఆకుపచ్చ చీరె కట్టింది. గది పెద్దగ జేసియ్యి."

"ఫోన్లల్ల లేదా?" అని అడిగాడు అన్న.

"నా ఫోన్ చెరువుల వడ్డది. మిగిలినోళ్ళ ఫోన్లల్ల ఎవల మొఖం వాళ్ళదే ఉన్నది."

అన్న నా వైపు చూసి, "తియ్యి చెల్లె," అన్నాడు. జడ్ కొట్టి, రావిర్యాల మొదటి అక్షరాలు కొట్టాను. అది నన్ను 'కానివి' లోపలి రావిర్యాలకు తీసుకెళ్ళింది. అక్కడ ధోతి ఫంక్షన్ ఫోల్డర్ ఖాళీగా ఉంది. మూడు చుక్కలు కొట్టి పైకి వచ్చి, 'అయినవి'లోకి పోయి, అక్కడి రావిర్యాల తెరిచాను. తీసేశాననుకున్న పాత పెళ్ళి ఫోటోలు ఒక్కటీ పోకుండా చెక్కుచెదరక ఉన్నాయి.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆ సోమవారానికి ముందు వారమంతా నేను ఆ ధోతి ఫంక్షన్ ఫోటోలనే వరసకు పెడుతూ ఉన్నాను. రోజుకు పదిసార్లు అక్కడికి దూకాను. పనిముట్టు తన పని తాను చేసింది. రావిర్యాల అనగానే నేను ఎక్కువగా తిరిగిన రావిర్యాలకే నన్ను తీసుకుపోయింది. ఎక్కడ నిలబడ్డానో చూపించే పేరును తెర మీద నుంచి నేనే పీకేసుకున్నాను. చూడకుండా తీసేశాను. ఫోటోలు ఏరుకోవడం అయితే తప్ప రెండో కాపీ పెట్టే అలవాటు మాకు లేదు. కెమెరా కార్డుల మీద అప్పటికి వేరే పెళ్ళిళ్ళు ఎక్కాయి.

"లేవన్నా," అన్నాను.

అన్న వచ్చి చూశాడు. ముఖం మాడిపోయింది. చేపల ఆమెను రేపు రమ్మని పంపించి, క్యాలెండర్ దగ్గరికి పోయాడు. సోమవారం గడిలో టిక్కు ఉంది.

"ఏంది, చూస్కోకుంట తీసేసినవా?" అని అక్క మీద అరిచాడు. "ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, గింత తెలివి లేదా? పనిల మనసు వెట్టవా? రేపు ఆమెకు ఏమని చెప్పాలె?"

ఇక్కడ నేను చెప్పాలి. ఇక్కడ ఎవరైనా చెబుతారు. నేను తల వంచుకుని కీబోర్డు మీది అక్షరాలు చూస్తూ కూర్చున్నాను.

అన్నకు ఏదో గుర్తుకొచ్చినట్టుంది. "తీసేసినయి గా బుట్టల ఉంటయ్ గదా?" అని నన్ను అడిగాడు. మౌస్‌తో తీసేస్తే ఫైళ్ళు ముందు చెత్తబుట్ట గుర్తు ఉన్న ఫోల్డర్లో పడతాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు. నల్ల తెరలో తీసేస్తే ఏ బుట్టలోనూ పడవు, పోతాయి అంతే. అక్క జన్మలో నల్ల తెర తెరవలేదు. బుట్టలో ఆ ఫోటోలు లేవంటేనే ఆ పని చేసింది అక్క కాదు. ఆ గదిలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"లేవన్నా. బుట్ట గూడ ఖాళీ చేసినట్టున్నది," అన్నాను.

"నేనే చూస్కోకపోయిన," అంది అక్క. ఆ రోజు నుంచి గోదాం ముట్టొద్దని అన్న చెప్పాడు. అక్కను లామినేషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

అన్న బయటికి పోగానే నేను నల్ల తెర తెరిచాను. మనం కొట్టిన ప్రతి కమాండూ అందులో ఒక పట్టీగా రాసి ఉంటుంది. ఫోటోలు తిరిగి తెచ్చే ఉపాయం ఏమైనా దొరుకుతుందా అని చూడ్డానికే తెరిచానని చెప్పాలని ఉంది. అది తర్వాత చేశాను. ముందు చేసింది మాత్రం ఆ సోమవారం వరసలు వెతికి పట్టీలోంచి తుడిచేయడం.

ఆ సాయంత్రం దాకా పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఒకటి తర్వాత ఒకటి నడిపాను. కొన్ని వచ్చాయి. పైన పందిరి, కింద బూడిదరంగు పట్టీ. ఒకదాంట్లో ఆకుపచ్చ చీర కొంగు ఉంది, మనిషి లేదు. అప్పుడు తట్టింది నాకు. వారమంతా ఆ ఫోటోల్లోనే తిరిగాను కదా, ముసలామె ముఖం ఎలా ఉంటుందని గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. ఫైలు నంబర్లు గుర్తున్నాయి.

మర్నాడు అక్క లామినేషన్ బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి అన్న ముందు నిలబడింది. "గోదాం ఒక్కపారి ముడ్త అన్నా. గా అవ్వను నేను ఏడ్నో చూసిన."

"ఏడ చూసినవ్?"

"యాదికొస్తలేదు. ఫోటోలు కెమెరాల నుంచి దించినప్పుడు చూసిన గదా, ముక్కుకు రెండు దిక్కుల పుల్లలు, గదుమ కింద పులిపిరికాయ. గా మొఖమే ఇంకోతాన చూసిన."

అన్న విసుక్కుంటూనే సరేనన్నాడు. అక్క 'పెద్దలు' ఫోల్డర్ తెరిచింది. మొదటి ఫోటో నుంచి మొదలుపెట్టింది. ఆ రోజంతా చూసింది. మర్నాడూ చూసింది. భోజనానికి లేవలేదు, డబ్బా అక్కడే పెట్టుకుని తింది. నేను పక్కనే కూర్చుని ఏదో ఆల్బమ్ పని చేస్తున్నట్టు నటించాను. నా దగ్గరున్న ఏ ఉపాయమూ దీనికి పనికిరాదు. పేరు లేని మనిషి దగ్గరికి రెండక్షరాలు కొట్టి దూకలేం. ఆ ఫోల్డర్ జాగా దండగ అన్నదాన్ని నేనే. తీసేద్దామా అని కూడా ఒకసారి అన్నకు చెప్పి ఉన్నాను.

రెండో రోజు నాలుగు గంటలకు అక్క, "గిదే," అంది.

కొంగరకలాన్‌లో అంతకు రెండేళ్ళ ముందు జరిగిన ఒక పెళ్ళి. పందిరి వెనకాల, వంటల దగ్గర, దావత్‌కు చేపలు కోయడానికి పిలిపించుకున్నట్టున్నారు. ముసలామె బోర్లించిన వంట గంజు మీద కూర్చుని ఉంది. ముందు కత్తిపీట, పక్కన కుప్పగా చేపలు, మోచేతుల దాకా పొలుసు. ఎవరో ఏదో అన్నట్టున్నారు, తల ఎత్తి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. రెండు చేతులూ చేపల్లో ఉన్నాయి, కొంగు అడ్డం పెట్టుకునే వీలు లేకపోయింది పాపం.

పెద్దది చేసే పని నాకు పడింది. ముఖం వరకు కత్తిరించి, వెనక నీలిరంగు పెట్టి, దండ ఫోటోలా తయారు చేశాను. చేపల ఆమె వచ్చి చూసింది. "అసలుది ఏది? గది చూపెట్టు," అంది. చూపించాను.

"చేపలు ఎందుకు తీసేసినవ్? గట్లనే ఉండనియ్యి. గవి లేకుంటే మా అమ్మ గాదు."

చేపలతోనే ఫ్రేము కట్టించాం. తీసుకుపోయేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులకు ఆ రోజు చేపల వాసన లేదు, అమ్మకం మానేసి వారం అయింది కదా. "నీ కడుపు సల్లగుండ చెల్లె," అని ఏడ్చింది. అక్క నా వెనక మూడడుగుల దూరంలో లామినేషన్ కాగితం కోస్తోంది. వెతికింది ఆ అక్క అని నేను చెప్పలేదు. ఆ దీవెన కూడా నేనే తీసుకున్నాను. అడ్డమైనవన్నీ తీసుకున్నదాన్ని అది మాత్రం వదులుతానా?

అన్న అక్కను తిరిగి గోదాం దగ్గర కూర్చోబెట్టలేదు. ఇంకో రెండు నెలలు చూసి అక్క మానేసింది. చివరి రోజు సంచి సర్దుకుంటూ, "చెల్లె, నీ నల్ల తెరల ఏడున్నమో చెప్పేది ఏమన్న ఉంటదా?" అని అడిగింది. పీడబ్ల్యూడీ అని కొడితే ఉన్న చోటు పూర్తి పేరు చూపిస్తుందని చెప్పాను. "గంత అల్కగ ఉన్నదా!" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది, స్టూడియో మానేశాను. ఇప్పుడు రోజంతా నల్ల తెరలోనే పని. బాణం గుర్తు తీసేసి పూర్తి పేరు కనబడేలా పెట్టుకున్నాను. ఏదైనా తీసేసే ముందు పీడబ్ల్యూడీ కొట్టి, కనబడిన పేరును పెదాలతో చదువుకుంటాను. పక్క సీటువాళ్ళు నవ్వుతారు. జడ్ వాడడం మానలేదు, అబద్ధం ఎందుకు. తొందర నా రక్తంలో ఉంది.

పోయిన నెల ఆదివారం బస్టాండు దగ్గర చేపలు కొనడానికి ఆగాను. ఆమె గుర్తుపట్టింది. బొచ్చె చేప పొలుసు గీకుతూ, అమ్మ ఫోటో ఇంట్లో గోడకు ఎట్లా పెట్టిందో చెప్పింది. ఉన్నట్టుండి, "గా అక్క ఏడున్నది ఇప్పుడు? తీసేసిన అక్క?" అంది.

"ఏం తీసేసిన అక్క?"

"మా ధోతి ఫంక్షన్ ఫోటోలు తీసేసింది గదా, గామె. అన్న చెప్పిండు. గప్పుడు మస్తు తిట్టుకున్న గామెను. దినాల నాడు గూడ తిట్టిన, అందరి ముంగట. మా అమ్మ ఆకుపచ్చ చీరె ఫోటో పోగొట్టిందని."

మూడేళ్ళు. ఆ అక్క కళ్ళు నొప్పి పుట్టేలా వెతికి తెచ్చిన ఫోటో ముందు నిలబడి, ఆ అక్కనే తిట్టుకుంది ఈమె. నా వల్ల. నాకు ఏడుపు వచ్చింది.

"తీసేసింది నేనక్కా," అన్నాను. "వెతికింది గామె. మీ అమ్మ ఫోటో దొరకవట్టింది గామెనే. నేను గాదు."

ఆమె చేతిలో కత్తి ఆగింది. నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చేపను కవర్లో వేసి నా ముందు పెట్టింది. "నాకెందుకు చెప్తున్నవ్? వోయి గామెకు చెప్పు," అని పక్కన నిలబడ్డ ఇంకొకరితో బేరం మొదలుపెట్టింది.

ఆ చేపల కవరుతోనే తుర్కయాంజాల్ ఆటో ఎక్కాను. అక్క ఇల్లు నాకు తెలుసు, ఒకసారి బతుకమ్మకు పిలిస్తే పోయాను. గేటు దగ్గరే బట్టలు ఆరేస్తూ కనబడింది. జుట్టు నెరిసింది. దగ్గర్లోని ఒక స్కూల్లో ఆఫీసు పని చేస్తోందట. కూర్చోమంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. సోమవారం సంగతి, బుట్ట సంగతి, పట్టీ తుడిచేసిన సంగతి, దీవెన సంగతి, అన్నీ. ఫోన్ తీసి, అన్నకు ఇప్పుడే నీ ముందే చెబుతానన్నాను.

"నా ముంగట ఒద్దు," అంది అక్క. "చెప్పాలనిపిస్తే నీ అంతల నువ్వు చెప్పుకో. తీసేసింది నువ్వని నాకు తెల్వదా ఏంది? ఆ సోమవారం నేనొచ్చేవరకే టిక్కు గూడ పెట్టినవాయె."

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

అక్క బకెట్లోంచి ఇంకో బట్ట తీసి పిండింది. నేనే మాట్లాడుతూ పోయాను. "ఆనాడు అన్న అరుస్తుంటే నాకు తల ఎత్త బుద్ధి గాలే అక్కా. కీబోర్డ్ దిక్కు చూస్కుంట కూసున్న. నీ మొఖం చూసే ధైర్యం లేకుండె."

అక్క బట్ట ఆరేయడం ఆపి నా వైపు తిరిగింది.

"కీబోర్డ్ దిక్కు ఏడ చూసినవ్ చెల్లె? నా దిక్కే చూసినవ్. చెప్పకు అక్కా అన్నట్టు చూసినవ్. గందుకే చెప్పలే."

కోపంగా అనలేదు. అలా జరిగింది అని చెప్పినట్టు చెప్పి, మిగిలిన బట్టలు ఆరేసింది. చేపలు తీసుకోమంటే తీసుకోలేదు, ఇంట్లో ఎవరూ తినరంది. నేను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి, అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అక్క నంబరు అడిగాడు. ఇచ్చాను.

ఆ రోజు నేను తల వంచుకుని కీబోర్డు మీది అక్షరాలు చూస్తూ కూర్చున్నానని పైన రాశాను. మూడేళ్ళుగా నాకు నేను అలాగే చెప్పుకుంటూ వచ్చాను, రాసేటప్పుడు కూడా వేళ్ళు అలవాటుగా అక్కడికే పోయాయి. అక్క చెప్పాక గుర్తుకొచ్చింది. చూశాను. పైన రాసినదాన్ని తుడిచి సరిచేయడం నాకు రెండు క్షణాల పని. తుడవలేదు.